గెంతే పీనుగులు, కల్తీ బియ్యం

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే ఇంటర్నెట్ ఆపేసేవాళ్ళు. లోపలి నెట్‌వర్క్ మాత్రం తెల్లార్లూ నడిచేది. ఎవడి కంప్యూటర్లో ఏ సినిమాలున్నాయో అందరికీ తెలుసు. 2007లో, మూడో ఏడు చదువుతున్నప్పుడు, పై అంతస్తులో ఒక సీనియర్ ఫోల్డర్లో ‘మిస్టర్ వాంపైర్’ అని ఒక ఫైలు కనిపించింది. డ్రాకులా సినిమా అనుకుని తెరిచాను. నల్లకోటు లేదు, కోట లేదు, శిలువ లేదు. ఒక చీకటి గదిలో వరసగా నిలబెట్టిన శవాలు, వాటి నుదుట పసుప్పచ్చ కాగితాలు, వాటి మధ్య అగరొత్తులు వెలిగిస్తూ తిరిగే ఒక భయస్తుడు. ఇరవై నిమిషాల్లో నా గదిలో ఏడెనిమిది మంది చేరారు. శవాలకి ఊపిరి వినపడకూడదని తెరమీద వాళ్ళు ముక్కు మూసుకుంటే, మంచం మీద కూర్చున్న మేమూ ముక్కులు మూసుకున్నాం. ఒకడు నవ్వాపుకోలేక ఊపిరి వదిలేస్తే మిగిలినవాళ్ళు వాణ్ణి తన్నారు.

ఆ తర్వాత ఆ జాతి సినిమాలు దొరికినవన్నీ చూశాను. వీటి గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాసినట్టు నా కంటపడలేదు. ‘సరదా సినిమాలు’ అని ఒక మాటతో తేల్చేస్తారు. సరదావే. కానీ ఆ సరదా ఎక్కణ్ణించి పుడుతోందన్నది చాలా ఏళ్ళు నాకు అంతుపట్టలేదు. నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పీనుగు సంగతి. చైనీస్‌లో దాన్ని జియాంగ్‌షి అంటారు. కొయ్యబారిన శవం అని అర్థం. మోకాళ్ళు వంగవు, మోచేతులు వంగవు, కాబట్టి నడవలేదు. రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది, చేతులు ముందుకు చాపి ఉంటాయి. కళ్ళు పనిచెయ్యవు, మనిషి ఊపిరిని పట్టుకుని వస్తుంది. సినిమాల్లో ఒంటిమీద చింగ్ రాజవంశం నాటి ఉద్యోగి దుస్తులుంటాయి. పొడుగు అంగీ, ఛాతీ మీద హోదా చెప్పే చదరపు గుర్తు, నెత్తిన గుండ్రటి టోపీ. చచ్చినవాళ్ళకి అట్లాంటి బట్టలు తొడిగి పాతిపెట్టడం ఉండేది కనక ఆ వేషం. పద్దెనిమిదో శతాబ్దంలో యువాన్ మెయ్, జీ యున్ లాంటి రచయితలు పోగుచేసిన వింత కథల్లో లేచొచ్చే శవాలు బోలెడు. అయితే ఆ కథల్లో పీనుగు భయపెడుతుంది, అంతే. టోపీ, గెంతు, నుదుటి కాగితం ఒకచోట చేరి అందరూ గుర్తుపట్టే బొమ్మగా కుదిరింది హాంకాంగ్ సినిమాలోనే.

మన భేతాళుడు గుర్తొస్తాడు కదా? నాకూ వచ్చాడు. ఈ పోలిక పూర్తిగా నా ఊహేం కాదు. ఏడో శతాబ్దంలో మన పాఠ్యపుస్తకాల హ్యూయెన్ త్సాంగ్ చైనీస్‌లోకి అనువదించిన భైషజ్యగురు సూత్రంలో, శత్రువుని చంపడానికి మంత్రంతో శవాన్ని లేపే ప్రస్తావన ఉంది. బౌద్ధ గ్రంథాలతోపాటు వేతాళుడు కూడా చైనా వెళ్ళాడన్నమాట. జియాంగ్‌షి అతని సంతానమే అని నేననను. కానీ చందమామలో భేతాళ కథలు చదువుకున్నవాడికి ఈ సినిమాల్లో ఒక సంగతి వెంటనే అందుతుంది. విక్రమార్కుడి పనేమిటి? శవాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళడం. షరతేమిటి? నోరు తెరవకూడదు. తెరిస్తే శవం వెనక్కి. ఇక్కడ ఊపిరి వదలకూడదు, అక్కడ మాట వదలకూడదు. తేడా ఏమిటంటే మనవాడు కథలు చెప్తాడు, చిక్కు ప్రశ్నలు వేస్తాడు. జియాంగ్‌షికి మాట లేదు, తెలివి లేదు, పగ కూడా సరిగ్గా లేదు. ఉన్నవి నియమాలు మాత్రమే.

సినిమా చరిత్ర క్లుప్తంగా చెప్తాను. 1974లో ఇంగ్లండ్‌కి చెందిన హామర్, హాంకాంగ్‌కి చెందిన షా బ్రదర్స్ కలిసి ‘ది లెజెండ్ ఆఫ్ ది 7 గోల్డెన్ వాంపైర్స్’ తీశారు. పీటర్ కుషింగ్ వాన్ హెల్సింగ్‌గా చైనా వెళ్ళి, డేవిడ్ చియాంగ్ అన్నదమ్ములతో కలిసి రక్తపిశాచాల మీద యుద్ధం చేస్తాడు. డ్రాకులానీ కుంగ్‌ఫూనీ ఒక గిన్నెలో వేశారు గానీ కలపలేదు. ఒకవైపు ఇంగ్లీషు దొర ఉపన్యాసం, ఇంకోవైపు ఫైటు. నవ్వు అసలే లేదు. కావాలని నవ్వించింది లేదు అని దిద్దుకుంటాను.

అసలు మొదలు 1980లో సామో హంగ్ తీసి, తనే నటించిన ‘ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్’. చైనీస్ పేరుకి దయ్యాన్ని దయ్యం కొట్టడం అని అర్థం. ధైర్యవంతుడినని గొప్పలు పోయే ఒక లావుపాటి బండివాడు. అతని భార్యకీ యజమానికీ సంబంధం ఉంటుంది. యజమాని ఇతన్ని వదిలించుకోవడానికి మంత్రగాణ్ణి కుదుర్చుకుంటాడు. పందెం పేరుతో బండివాణ్ణి ఒక పాత గుళ్ళో శవపేటికతో రాత్రి గడిపేలా చేస్తారు. రాత్రి పీనుగు లేవబోయినప్పుడల్లా పేటికలోకి కోడిగుడ్డు విసరాలని అతనికి ఒకాయన ఉపాయం చెప్తాడు. బండివాడు యాభై గుడ్లు కొంటాడు. అమ్మినవాడు కోడిగుడ్లు తక్కువపడి మధ్యలో కొన్ని బాతుగుడ్లు కలిపేస్తాడు. అర్ధరాత్రి, పీనుగు చెయ్యి బయటికొస్తుంది, మనవాడు గుడ్డు విసురుతాడు, చెయ్యి లోపలికి పోతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ విసురుతాడు. ఇంతలో చేతికి బాతుగుడ్డు వస్తుంది.

ఈ బాతుగుడ్డు దగ్గరే నాకు ఈ సినిమాల గుట్టు దొరికిందనుకుంటాను. పీనుగు తన షరతులకి కట్టుబడే ఉంది. కోడిగుడ్డు పడితే ఆగాలి, ఆగింది. బాతుగుడ్డుకి ఆగాలని ఎక్కడా లేదు, ఆగలేదు. మోసం చేసింది బతికున్నవాడు, గుడ్డుకి నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని.

ఐదేళ్ళ తర్వాత, 1985లో, అదే సామో హంగ్ నిర్మాతగా రికీ లౌ దర్శకత్వంలో ‘మిస్టర్ వాంపైర్’ వచ్చింది. హాంకాంగ్‌లో 2 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది, అవి అక్కడి డాలర్లే అయినా ఆ రోజుల్లో పెద్ద మొత్తం. కాలం చైనాలో రాజరికం పోయి కొత్తగా రిపబ్లిక్ వచ్చిన రోజులు. గురువు కౌ ఒక తావో పూజారి. శవాలకీ, దయ్యాలకీ, స్థలం వాస్తుకీ ఊళ్ళో ఆయనే దిక్కు. ఇద్దరు శిష్యులు, ఇద్దరూ దద్దమ్మలే. ఊరి ధనవంతుడు యామ్, తన తండ్రి సమాధి తవ్వి వేరేచోట పాతిపెట్టాలని గురువుని కాఫీ కొట్టుకి పిలుస్తాడు. కాఫీ ఒకదాంట్లో, పాలు ఇంకోదాంట్లో వస్తే ఏది దేంట్లో పొయ్యాలో గురుశిష్యులకి తెలీదు. మొహమాటానికి తెలిసినట్టే తాగుతారు. ఊరందరి చావుబతుకుల గుట్టు తెలిసిన మనిషి ఒక కాఫీ కప్పు ముందు ఓడిపోవడం చూస్తే, మొదటిసారి హైటెక్ సిటీలో పెద్ద హోటల్లో నన్ను నేను చూసుకున్నట్టుంటుంది.

సమాధి తవ్వుతారు. ఇరవై ఏళ్ళయినా శవం కుళ్ళలేదు. ఎందుకు కుళ్ళలేదన్నది గురువు అక్కడే తేలుస్తాడు. ఆ స్థలం అసలు వాస్తు సిద్ధాంతిది. యామ్ తండ్రి బెదిరించి లాక్కున్నాడు, మన భాషలో కబ్జా. సిద్ధాంతి పైకి ఏమీ అనకుండా, ఇట్లా పాతిపెట్టండి, పైన సిమెంటు పొయ్యండి అని సలహా ఇచ్చాడు. ఆ సలహా పాటించినందుకే వంశం దిగజారింది, శవం చెడకుండా మిగిలింది. సిద్ధాంతిది పాపమనాలనిపించదు. ఇరవై ఏళ్ళు కూడా కాదు, ఇంకా ఎక్కువ కాలం పాతిపెట్టించాల్సింది అనిపిస్తుంది.

శవం లేవకుండా శిష్యులకి ఒక పని అప్పజెప్తాడు గురువు. వడ్రంగులు కొయ్యమీద తిన్నటి గీత పడేట్టు సిరాలో ముంచి కొట్టే దారం ఉంటుంది కదా, దాన్ని కోడి నెత్తురు కలిపిన సిరాలో ముంచి, శవపేటిక అన్నివైపులా గీతలు కొట్టమంటాడు. కుర్రాళ్ళు పైన కొడతారు, పక్కల కొడతారు. అడుగున మర్చిపోతారు. ఆ ఒక్క వైపు నుంచి ముసలాయన బయటికొచ్చేస్తాడు. పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను, నేను చూసిన పెద్ద బగ్గులన్నీ ఇవే. ఐదు వైపులా పరీక్షించి, ఆరో వైపు ఎవరో ఒకరు చూసే ఉంటారులే అనుకోవడం. రాత్రి రెండింటికి ఫోన్ మోగినప్పుడల్లా నాకు ఆ పెట్టె అడుగే గుర్తొస్తుంది.

ఇక బియ్యం. శిష్యుల్లో ఒకడైన మాన్ చోయ్‌కి పీనుగు గోళ్ళు గుచ్చుకుంటాయి. విషం ఎక్కి వాడూ పీనుగైపోయే ప్రమాదం. మందు జిగురు బియ్యం. పచ్చి బియ్యం నేలమీద పరిచి దానిమీద వాడు ఆగకుండా గెంతాలి, కీళ్ళు బిగుసుకోకుండా. రెండో శిష్యుణ్ణి బియ్యానికి పంపిస్తారు. కొట్టువాడు జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అమ్ముతాడు, ధర తేడా వస్తుందని. పాపం మాన్ చోయ్ బియ్యం మీద చిందులేస్తూనే ఉంటాడు, లోలోపల గోళ్ళు పెరుగుతూనే ఉంటాయి.

సామో హంగ్ సినిమాలో గుడ్లు, ఈ సినిమాలో బియ్యం. ఐదేళ్ళ తేడాతో ఒకే నిర్మాత చేతిలో రెండు కల్తీలు. కథకులకి వేరే ఉపాయం తోచక వాడిందే వాడారనీ అనొచ్చు. నాకు మాత్రం ఈ సినిమాల లోకం ఇదే అనిపిస్తుంది. అందులో పీనుగు ఎన్నడూ మాట తప్పదు. కబ్జా చేసేది, సిమెంటు పోయించేది, బియ్యంలో బియ్యం కలిపేది, గురువు మీద హత్యానేరం మోపి కొట్లో వేసే పోలీసు కెప్టెన్, వీళ్ళందరూ బతికున్నవాళ్ళు. భయం పుట్టేది పీనుగు నియమం నుంచి, నవ్వు పుట్టేది దాన్ని పాటించడం చాతకాని మనిషి నుంచి. అందుకే మరుక్షణంలో ఒకటి ఇంకోటిగా మారిపోతుంది. మన దయ్యం కామెడీలు చూడండి, దయ్యం ఏదైనా చెయ్యగలదు, దర్శకుడికి అవసరమైనప్పుడు ఏమీ చెయ్యలేదు. షరతు తెలియనప్పుడు ఊపిరి బిగపట్టేదెందుకు?

ఫైట్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. కుంగ్‌ఫూ అంటే మోకాలు, నడుము, మణికట్టు. జియాంగ్‌షికి ఇవేవీ వంగవు. కట్టెలా ఉన్న ఒంటితో కొట్లాట కూర్చమంటే ఫైట్‌మాస్టర్‌కి అది శిక్షే. నిలువునా పడి నిలువునా లేవాలి. చేతులు చాపి గెంతుతూ మనిషిని గోడకి నెట్టాలి. అది నవ్వులాటగా కనబడాలి, ప్రమాదంగానూ కనబడాలి. పీనుగు వేషం వేసిన యువెన్ వా, ‘ఎంటర్ ది డ్రాగన్’లో బ్రూస్ లీ బదులు పల్టీలు కొట్టిన మనిషి. గురువు కౌ వేషం వేసిన లామ్ చింగ్-యింగ్, బ్రూస్ లీ ఫైట్లకి సహాయకుడిగా పనిచేసిన మనిషి. బ్రూస్ లీ పోయిన పన్నెండేళ్ళకి, ఆయన పక్కన ఎదిగిన ఇద్దరు ఒకళ్ళు పీనుగుగా, ఒకళ్ళు పూజారిగా కొట్టుకుంటున్నారు. ఇది తెలిశాక ఆఖరి ఫైటు మళ్ళీ చూశాను. గెంతులో ఎంత లెక్కుందో అప్పుడు కనబడింది.

లామ్ చింగ్-యింగ్ 1952లో పుట్టాడు. అంటే కలిసిన కనుబొమలతో, నెరిసిన జుట్టుతో ఆ గురువు వేషం వేసేనాటికి అతనికి ముప్ఫై రెండేళ్ళు. నాకంటే చిన్నవాడు. చిన్నప్పుడే పెకింగ్ ఒపేరాలో శిక్షణ. 1981లో వచ్చిన ‘ది ప్రాడిగల్ సన్’లో ఉబ్బసంతో బాధపడుతూ ఆడవేషాలు వేసే ఒపేరా నటుడిగా చేశాడు. అతనేమిటో తెలియాలంటే అది చూడాలి. గురువు కౌ తర్వాత మాత్రం జనం అతన్ని ఇంకో వేషంలో చూడడానికి ఇష్టపడలేదు. వరసగా అవే పసుపు అంగీలు, అవే కొయ్యకత్తులు. 1997లో కాలేయ క్యాన్సర్‌తో పోయాడు, నలభై నాలుగేళ్ళకి.

ఈ సినిమాల మీద ఇంగ్లీషులో రాసేవాళ్ళు తప్పకుండా ఒక మాటంటారు. 1984 చివర్లో బ్రిటన్, చైనా ఒప్పందం మీద సంతకాలు చేశాయి, 1997లో హాంకాంగ్ చైనాకి తిరిగెళ్తుందని తేలింది. మరుసటి ఏడు చైనా పాత ప్రభుత్వోద్యోగి వేషంలో ఒక పీనుగు లేచి జనం మీదికొచ్చింది, అదే ఆ భయం, అని. ఈ వ్యాఖ్య మొదటిసారి చదివినప్పుడు నాకు తెగ నచ్చింది, స్నేహితులకి నా సొంత మాటలా చెప్పాను కూడా. ఇప్పుడు అంత నచ్చదు. ఆ వేషానికి ఇది జవాబేమో గానీ, ఆ బాతుగుడ్డుకి కాదు. ఆ భయం ఉన్న ఊరు ఎందుకంత నవ్విందో కూడా అది చెప్పదు. పైగా ఇంకో సంగతి దాని చాటున పడిపోతుంది. మొదటి సీన్లో వరసగా నిలబడ్డ ఆ శవాలు ఎవరి మీదికీ వస్తున్నవి కావు. అవి ఇంటికి వెళ్తున్నాయి.

హునాన్ రాష్ట్రం పడమటి కొండల్లో, షియాంగ్‌షీ అనే ప్రాంతంలో, శవాల్ని నడిపించుకెళ్ళే పూజారుల గురించి జానపద కథనాలున్నాయి. దూర దేశం పనికి వెళ్ళి చచ్చిపోయినవాణ్ణి సొంత ఊళ్ళో పాతిపెట్టకపోతే అతని ఆత్మకి దారి దొరకదు. మోసుకురావాలంటే డబ్బు కావాలి, కొండదారులు. అందుకని పూజారి గంట వాయించుకుంటూ ముందు నడుస్తాడు, పీనుగులు వరసగా వెనక గెంతుకుంటూ వస్తాయి, రాత్రిళ్ళు మాత్రమే. దీనికి ఒక మామూలు వివరణ కూడా చెప్తారు. ఇద్దరు మనుషులు ముందూ వెనకా పొడవాటి వెదురు గడలు భుజాన వేసుకుని, వాటికి శవాల చేతులు కట్టి మోసుకెళ్ళేవాళ్ళట. గడలు ఊగుతుంటే చీకట్లో శవాలు గెంతుతున్నట్టే కనబడేవట. అంటే ఆ గెంతు పిశాచి లక్షణం కాకపోవచ్చు, మోసేవాళ్ళ అడుగుల బరువు కావచ్చు.

నుదుటి కాగితం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పసుప్పచ్చ కాగితం మీద ఎర్రటి ఇంగిలీకంతో రాస్తారు. అది మంత్రమని మనమనుకుంటాం. దాని తలమీద ఉండే మాటకి ‘రాజాజ్ఞ’ అని అర్థం. తావో పూజారులు మంత్రం చివర అనే ‘చట్టప్రకారం తక్షణం అమలు చెయ్యాలి’ అన్న అర్థమిచ్చే మాట, రెండువేల ఏళ్ళ కిందట హాన్ రాజుల కాలంలో సర్కారు ఉత్తర్వుల కింద రాసే వాక్యం. వాళ్ళ స్వర్గంలో కూడా శాఖలు, అధికారులు, ముద్రలు ఉంటాయి. పూజారి ఒక గుమాస్తా లాంటివాడు, సరైన నమూనాలో అర్జీ పెడతాడు. నుదుట కాగితం ఉన్నంతసేపు పీనుగు కదలమన్నప్పుడు కదులుతుంది, ఆగమన్నప్పుడు ఆగుతుంది. కాగితం ఊడితే అంతా గందరగోళమే.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు.

మాది జగిత్యాల వైపు. మా చిన్నాయన గల్ఫ్‌లో తాపీపనికి పోయాడు, 2008 చివర్లో అక్కడే పోయాడు. నిద్రలో గుండె ఆగిందన్నారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, నాలుగో ఏడు చదువుతున్నాను. శవం రావాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం కావాలి, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు పత్రం కావాలి, పాస్‌పోర్టు రద్దు చేయించాలి, మన రాయబార కార్యాలయం అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇవన్నీ ఆయన పనిచేసిన కంపెనీ తేవాలి. వాళ్ళు ఫోనెత్తినప్పుడు రేపు అనేవాళ్ళు, ఎత్తనప్పుడు ఏమీ అనేవాళ్ళు కాదు. ఒక కాగితంలో ఇంటిపేరు ముందొచ్చింది, ఇంకోదాంట్లో వెనకొచ్చింది. ఇద్దరూ ఒక మనిషేనని రుజువు చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. మన పేర్లు ఎట్లా రాస్తారో నేను వాళ్ళకి ఈమెయిల్లో వివరించాను, ఇంటిపేరు, పేరు, ఉదాహరణలతో సహా. ఇంటర్నెట్ సెంటర్లో నా పక్కన కూర్చున్న పిల్లాడు కార్ల ఆట ఆడుతున్నాడు. ఇంటి దగ్గర నాయినమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే అడిగేది. ‘బయలెల్లిండా బిడ్డా?’ శవం అన్న మాట ఆమె నోటెంట రాలేదు. మనిషి బస్టాండ్లో ఉన్నట్టే అడిగేది.

ముప్ఫై ఒక్క రోజులకి శంషాబాద్‌లో దిగింది. పెట్టె మీద, తల వైపు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు అంటించి ఉన్నాయి. ఆ పెట్టె అంబులెన్స్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు కవరు ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటుంటే మా నాయిన అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ఊరు చేరేదాకా తియ్యలేదు.

చాలా ఏళ్ళ తర్వాత హాంకాంగ్ గురించి చదువుతుంటే తుంగ్ వా అనే పేరు ఎదురైంది. 1870లో మొదలైన దాతల ఆసుపత్రి అది. వాళ్ళు ఒక శవాల సత్రం కూడా నడిపారు, 1899 నుంచి అది సముద్రం ఒడ్డున శాండీ బే దగ్గర ఉంది. అమెరికాలో రైలు పట్టాలు వేసి, బంగారు గనులు తవ్వి చచ్చిపోయిన చైనీయుల ఎముకలు, ఆస్ట్రేలియా నుంచీ ఆగ్నేయాసియా నుంచీ వచ్చిన పేటికలు ఓడల్లో అక్కడికి చేరేవి. ఊరూ పేరూ చూసి, వాటిని మళ్ళీ ఎవరి పల్లెకి వాళ్ళని పంపేవాళ్ళు. 1949 తర్వాత చైనాలో ప్రభుత్వం మారి సరిహద్దు బిగుసుకుంది, ఆ దారి మూసుకుపోయింది. కొన్ని పెట్టెలు అక్కడే నిలిచిపోయాయి. ఆ సత్రాన్ని కాంటనీస్‌లో ‘యీ జోంగ్’ అంటారు. ‘మిస్టర్ వాంపైర్’ మొదటి సీన్లో, మాన్ చోయ్ అగరొత్తులు వెలిగిస్తూ తిరిగే చోటుకి కూడా అదే మాట.

1985లో ఆ హాలుకి వెళ్ళినవాళ్ళలో చాలామంది చైనా నుంచి వలసొచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళకి ఆ వరస కొత్త కాదు. ఇంటిదాకా చేర్చడం అనేది ఎంత పెద్ద పనో, మధ్యలో ఎన్ని చేతులు అడ్డం పడతాయో వాళ్ళకి తెలుసు. అట్లాంటి జనానికి శవాల్ని చూపించి నవ్వించాలంటే శవాల్ని వెటకారం చెయ్యకూడదు. ఈ సినిమా చెయ్యలేదు. అన్ని చెంపదెబ్బలూ బతికున్నవాళ్ళకే పడ్డాయి.

తర్వాత కథ పెద్దగా లేదు. వరసగా రెండో భాగం, మూడోది, నాలుగోది. రెండో భాగంలో పీనుగు కుటుంబాన్ని నేటి హాంకాంగ్‌లోకి తెచ్చారు, నాకు విసుగు పుట్టించింది. తైవాన్‌లో పిల్లల్ని పెట్టి తీసినవి జపాన్‌లో పిల్లలకి పిచ్చి పట్టించాయి, అక్కడ ‘క్యోన్షీ’ అన్నారు. చవక నకళ్ళు పుంఖానుపుంఖంగా వచ్చి, తొంభైలు వచ్చేసరికి జాతి అలిసిపోయింది. 2013లో జూనో మాక్ ‘రిగర్ మార్టిస్’ తీశాడు. పాత సినిమాలో శిష్యుడిగా చేసిన చిన్ సియు-హో ఇందులో అవకాశాల్లేని నటుడు, చచ్చిపోవడానికి ఒక సర్కారు క్వార్టర్లోకి దిగుతాడు. పాత సినిమాలో ఇంకో పూజారిగా చేసిన ఆంథొనీ చాన్ ఇందులో పని మానేసిన పీనుగుల వేటగాడు. కింద చిన్న కొట్టు పెట్టుకుని జిగురు బియ్యంతో అన్నం వండి అమ్ముతుంటాడు. సినిమా మొత్తం బూడిదరంగు, ఒక్క నవ్వు లేదు. బాగా తీశాడని అందరూ అంటారు, నిజమే. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ అన్నం గిన్నె. అవసరం లేకపోయాక బియ్యం మళ్ళీ తిండైపోయింది.

పోయిన దసరాకి చిన్నాయన కొడుకు మా ఫ్లాట్‌కి వచ్చాడు. తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్ళవాడు, ఇప్పుడు కరీంనగర్‌లో ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక ఏదన్నా పెట్టన్నా అంటే ‘మిస్టర్ వాంపైర్’ పెట్టాను. కొంచెం జంకాను కూడా. వాడు బియ్యం కొట్టు సీను దగ్గర పడీపడీ నవ్వాడు. ‘మనూరి సావుకారి లెక్కనే ఉన్నడు గదనే’ అన్నాడు. అయిపోయాక నీళ్ళు తాగొచ్చి, మొదటి సీను మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. శవాలు వరసగా నిలబడి ఉన్నాయి.

‘గీల్లను యాడికి తోల్కపోతుండు?’

‘ఇంటికి.’

‘అందర్నా? ఒక్కడేనా?’

అవునన్నాను. కాగితాలు ఊడిపోయే దాకా ఇద్దరం మాట్లాడకుండా చూశాం. ఊడగానే వాడు ముక్కు మూసుకున్నాడు.